పన్నెండు నెలలు, పదమూడు నెలవంకలు
జకాత్ లెక్కతో ప్రోగ్రామింగ్ తొలి పాఠం

నేడు మన ఇళ్లలో కంప్యూటరు చదువు చదువుతున్న పిల్లలు లేని కుటుంబం అరుదు. సీబీఎస్‌ఈ 11వ తరగతి కంప్యూటర్ సైన్స్ పాఠ్యాంశంలోనే పైథాన్ భాష ఉంది. పాలిటెక్నిక్‌లోనో, ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలోనో ప్రోగ్రామింగ్‌కు శ్రీకారం చుట్టేవారు మరెందరో. వారందరికీ మొదట ఎదురయ్యే అభ్యాసాలు ఇంచుమించు ఒకే తీరున ఉంటాయి. ఒకటి నుండి నూరు వరకు కూడిక, ఎక్కాల పట్టిక, సరిసంఖ్యా బేసిసంఖ్యా తేల్చడం. ఈ అభ్యాసాలలో పిల్లలు రెండే పరికరాలు నేర్చుకుంటారు. ఒకటి లూప్, అంటే ఒకే పనిని లెక్క ప్రకారం మళ్లీ మళ్లీ చేయించడం. రెండవది కండిషన్, అంటే ఫలానాది నిజమైతే ఇలా చేయి, కాకపోతే అలా చేయి అని నిర్దేశించడం.

ఎక్కాల పట్టిక తప్పుగా వచ్చినంత మాత్రాన ఎవరికీ నష్టం లేదు. ఒక మార్కు తగ్గుతుంది, అంతే. అందుచేతనే కాబోలు, చాలామంది పిల్లలు జవాబు వచ్చిందా లేదా అని చూస్తారే తప్ప, తాము రాసిన షరతు సరైనదేనా అని ఆలోచించరు. తప్పు జవాబు వస్తే ఒకరి హక్కుకు భంగం కలిగే అభ్యాసాన్ని వారి చేతికిస్తే ఈ అలవాటు మారుతుంది. అటువంటి అభ్యాసం మన ఇంట్లోనే ఉన్నది. అది జకాత్ లెక్క.

షరతు మనకు కొత్త మాట కాదు

తెలుగులో నిత్యం వాడే ‘షరతు’ అరబీ నుండి వచ్చిన పదం. ఫిఖ్హ్ గ్రంథాలలో ‘షర్త్’ అన్నా, ప్రోగ్రామింగ్‌లో కండిషన్ అన్నా మూలంలోని భావం ఒకటే. అది నెరవేరనిదే తర్వాతి విషయం నిలవదు. నమాజుకు వుజూ షరతు. జకాత్ విధి కావడానికి నిర్ణీత పరిమాణంలో సంపద ఉండటం ఒక షరతు, దానిపై ఒక చాంద్రమాన సంవత్సరం గడవడం మరొక షరతు.

ఆవృత్తి కూడా మనకు తెలిసినదే. హజ్, ఉమ్రాలు చేసినవారు తవాఫ్‌లో ఏడు ప్రదక్షిణలను లెక్కపెట్టుకుంటారు. హజ్రె అస్వద్ వద్ద మొదలై తిరిగి అక్కడికే చేరితే ఒక చుట్టు. కనుక ఏడు చుట్లు పూర్తయ్యేసరికి యాత్రికుడు ఆ రాతికి ఎదురుగా ఎనిమిది సార్లు వస్తాడు. చుట్లు ఏడు, చుట్ల హద్దులు ఎనిమిది. సఫా మర్వాల మధ్య సయీలో లెక్క వేరు. సఫా నుండి మర్వాకు చేరడమే ఒకటి, తిరిగి రావడం రెండవది. అందుకే సఫాలో మొదలైన సయీ ఏడవసారి మర్వాలో ముగుస్తుంది. రాకపోకలు రెండూ కలిపి ఒకటిగా లెక్కపెట్టినవాడు పద్నాలుగు సార్లు నడవవలసి వస్తుంది. దేనిని ‘ఒకటి’ అంటున్నామో ముందుగా తేల్చుకోవడం లూప్ రాసేవాని మొదటి కర్తవ్యం.

అభ్యాసం ఏమిటి?

ఒక కుటుంబానికి చెందిన ఒక వ్యక్తి వద్ద ఉన్న పొదుపు సొమ్ము వివరాలు మన దగ్గర ఉన్నాయనుకుందాం. ప్రతి చాంద్రమాన నెల మొదటి తేదీన ఎంత మిగిలి ఉన్నదో వరుసగా రాసి పెట్టారు. ఈ జాబితా చదివి, జకాత్ విధి అయిందా లేదా, అయితే ఎంత అనేది ప్రోగ్రాం చెప్పాలి.

ముందుగా నిసాబ్ కావాలి. మన దేశంలోని ఉలమా సాధారణంగా చెప్పే కొలత వెండి అయితే 52.5 తులాలు, బంగారం అయితే 7.5 తులాలు. ఇక్కడ పిల్లలు తప్పక తెలుసుకోవలసిన విషయమొకటుంది. నేడు చాలా నగల దుకాణాల్లో తులం అంటే 10 గ్రాములు. నిసాబ్ లెక్కలోని పాత తులం 11.664 గ్రాములు. ఆ ప్రకారం వెండి నిసాబ్ 612.36 గ్రాములు, బంగారం నిసాబ్ 87.48 గ్రాములు. దుకాణపు తులంతో లెక్కిస్తే వెండి 525 గ్రాములే అవుతుంది. ప్రోగ్రాం ఎంత చక్కగా రాసినా, కొలత తప్పైతే ఫలితం తప్పే.

లెక్క సులువుగా ఉండటానికి గ్రాము వెండి ధర 100 రూపాయలు అనుకుందాం. అప్పుడు నిసాబ్ విలువ 61,236 రూపాయలు. వాస్తవంలో జకాత్ తీసే నాటి వెండి ధరను విచారించి ఈ సంఖ్య మార్చుకోవాలి.

ఇక జాబితా. 1వ లెక్క 70,000, 2వది 74,000, 3వది 66,000, 4వది 58,000, 5వది 63,000, 6వది 68,000, 7వది 72,000, 8వది 75,000, 9వది 80,000, 10వది 78,000, 11వది 82,000, 12వది 85,000, 13వది 88,000 రూపాయలు.

నాలుగవ లెక్కలో సొమ్ము తగ్గింది. పిల్లల ఫీజులు కట్టిన నెల అనుకోండి. మొత్తం లెక్కలు పదమూడు ఎందుకున్నాయన్నదే పిల్లలు వేయవలసిన మొదటి ప్రశ్న. రమజాన్ నెలవంక నాడు మొదలైన సంవత్సరం మరుసటి రమజాన్ నెలవంకతో పూర్తవుతుంది. మధ్యలోని నెలలు పన్నెండు, చూసిన నెలవంకలు పదమూడు. తవాఫ్‌లోని ఏడు చుట్లు, ఎనిమిది హద్దుల లెక్క ఇదే.

తొలి ప్రయత్నంలో దొర్లే తప్పులు

ఈ అభ్యాసం ఇవ్వగానే చాలామంది విద్యార్థులు రాసేది ఇలా ఉంటుంది: జాబితాలోని ప్రతి లెక్కనూ చూడు, అది నిసాబ్ కంటే ఎక్కువైతే ‘జకాత్ ఉంది’ అని ముద్రించు, లేకపోతే ‘జకాత్ లేదు’ అని ముద్రించు. ఫలితంగా తెరపై పదమూడు జవాబులు వస్తాయి. పన్నెండు చోట్ల ‘ఉంది’, ఒక చోట ‘లేదు’. అడిగింది ఒక ప్రశ్న, వచ్చినవి పదమూడు జవాబులు! సంవత్సరమంతా చూసిన పిమ్మట చెప్పవలసిన తీర్పును ప్రతి నెలా చెప్పించడమే ఇక్కడి లోపం. పైథాన్‌లో ఒక వాక్యం లూప్ లోపలిదా, వెలుపలిదా అన్నది ఆ వాక్యాన్ని ఎడమ అంచు నుండి ఎంత జరిపి రాశామన్న దాన్ని బట్టి తేలుతుంది. కొద్దిపాటి ఖాళీ స్థలం అర్థాన్నే మార్చివేస్తుంది.

రెండవ తప్పు లెక్కింపులో. మొదటి నెలవంక నాడే ‘ఒక నెల అయింది’ అని రాస్తే, పదకొండు నెలలకే సంవత్సరం పూర్తయినట్లు ప్రోగ్రాం చెబుతుంది. మొదటి రోజున గడిచిన నెలలు సున్న. అలాగే పన్నెండు నెలలే కదా అని పన్నెండు లెక్కలే ఇస్తే, లెక్కింపు పదకొండు వద్ద ఆగిపోయి జకాత్ ఎన్నటికీ విధి కాదు. ఒకటి గడువుకు ముందే భారం వేసే తప్పు, మరొకటి పేదలకు చేరవలసినది ఆపివేసే తప్పు.

మూడవ తప్పు కంటికి కనబడనంత చిన్నది. ‘నిసాబ్ కంటే ఎక్కువ’ అని రాయాలా, ‘నిసాబ్‌కు సమానం లేదా ఎక్కువ’ అని రాయాలా? నిసాబ్ పరిమాణం సరిగ్గా చేరినా జకాత్ విధి అవుతుంది. కనుక రెండవదే సరైనది. సరిగ్గా 61,236 రూపాయలు ఉన్నవారి విషయంలో ఈ ఒక్క గుర్తు పొరపాటైతే 1,530 రూపాయల 90 పైసలు హక్కుదారులకు అందకుండా పోతాయి.

సరైన క్రమం

ఇప్పుడు మాటలలోనే ప్రోగ్రాం రాద్దాం. దీనిని ముందు కాగితంపై రాసి, అటుపైన పైథాన్‌లోకి మార్చుకోవడం ఉత్తమం.

ఒకటి: ‘సంవత్సరం మొదలైందా?’ అనే పెట్టెలో ‘లేదు’ అని రాయి. ‘గడిచిన నెలలు’ అనే పెట్టెలో సున్న ఉంచు.

రెండు: జాబితాలోని పదమూడు లెక్కలను వరుసగా ఒక్కొక్కటిగా తీసుకుని, ప్రతి దానికీ మూడు, నాలుగు అంశాలలో తగినదాన్ని అమలు చేయి.

మూడు: సంవత్సరం ఇంకా మొదలు కాకపోతే, సొమ్ము నిసాబ్‌కు సమానంగానో ఎక్కువగానో ఉందేమో చూడు. ఉంటే ‘మొదలైంది’ అని మార్చి, గడిచిన నెలలను సున్న చేయి.

నాలుగు: సంవత్సరం ముందే మొదలై ఉంటే గడిచిన నెలలకు ఒకటి కలుపు. ఆపై, (అ) సొమ్ము పూర్తిగా సున్న అయితే సంవత్సరాన్ని రద్దు చేసి ‘మొదలు కాలేదు’ అని మార్చు. (ఆ) సున్న కాకుండా, గడిచిన నెలలు పన్నెండు అయితే సొమ్మును నిసాబ్‌తో పోల్చు. సమానం లేదా ఎక్కువ అయితే ఆ సొమ్మును 40తో భాగించి జకాత్‌గా ప్రకటించు, గడిచిన నెలలను తిరిగి సున్న చేసి కొత్త సంవత్సరం ఆరంభించు. తక్కువైతే జకాత్ లేదని చెప్పి ‘మొదలు కాలేదు’ అని మార్చు.

జాబితాతో సరిచూద్దాం. మొదటి లెక్క 70,000, నిసాబ్ కంటే ఎక్కువ, కనుక సంవత్సరం మొదలైంది. నాలుగవ లెక్కలో 58,000కు తగ్గినా సున్న కాలేదు, కనుక లెక్కింపు సాగుతుంది. పదమూడవ లెక్క వద్ద గడిచిన నెలలు పన్నెండు, సొమ్ము 88,000. నలభైతో భాగిస్తే 2,200 రూపాయలు జకాత్.

2.5 శాతం అనకుండా నలభైతో భాగించమనడానికి కారణం ఉంది. కంప్యూటరు సంఖ్యలను సున్న, ఒకటి అనే రెండు అంకెలతోనే దాచుకుంటుంది. 0.025 వంటి దశాంశ భిన్నం ఆ పద్ధతిలో సంపూర్ణంగా ఇమడదు, అతి స్వల్పమైన తేడా మిగులుతుంది. సొమ్మునంతా పైసలలోకి మార్చి పూర్ణసంఖ్యలతో లెక్క చేయడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి. నలభై వంతుల్లో ఒక వంతు అన్నది పెద్దలు చేతివేళ్లపై లెక్కించడానికీ అనువైనదే.

ఒక్క వాక్యం మారితే

పై క్రమంలోని నాలుగవ అంశపు (అ) భాగాన్ని మరొకసారి చదవండి. సొమ్ము పూర్తిగా సున్న అయితేనే సంవత్సరం రద్దవుతుందని అక్కడ రాశాం. ఇది హనఫీ ఫిఖ్హ్ ననుసరించిన షరతు. సంవత్సరం మొదట, చివర నిసాబ్ ఉండాలి. మధ్యలో తగ్గినా, పూర్తిగా లేకుండా పోనంతవరకు గడువు తెగదు. షాఫయీ ఫిఖ్హ్ ప్రకారం సంవత్సరం పొడవునా నిసాబ్ తగ్గకుండా ఉండాలి.

ఆ భేదాన్ని ప్రోగ్రాంలో చూపడానికి ‘సొమ్ము సున్న అయితే’ అన్న చోట ‘సొమ్ము నిసాబ్ కంటే తక్కువైతే’ అని రాస్తే చాలు. ఇప్పుడు అదే జాబితాను ఇవ్వండి. నాలుగవ లెక్క 58,000 వద్ద సంవత్సరం రద్దయింది. ఐదవ లెక్క 63,000తో మళ్లీ మొదలైంది. పదమూడవ లెక్కకు గడిచినవి ఎనిమిది నెలలే. జకాత్ ఇంకా విధి కాలేదు, మరో నాలుగు నెలలు నిసాబ్ నిలవాలి.

జాబితా అదే, యంత్రం అదే, జవాబులు రెండు. వీటిలో ఏది సరైనదని కంప్యూటరును అడిగితే అది ఏమీ చెప్పలేదు. మనం ఇచ్చిన షరతును అలసట లేకుండా పాటించడమే దాని పని. షరతు ఏదో నిర్ణయించడం ఖుర్ఆన్, సున్నతుల వెలుగులో జీవితాలు ధారపోసిన ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై), ఇమామ్ షాఫయీ (రహ్మలై) వంటి మహనీయులు చేసిన పని. ప్రోగ్రామింగ్ నేర్చుకునే మన పిల్లలకు ఈ అభ్యాసం బోధించవలసిన అసలు విషయం ఇదే. యంత్రం వేగం మనకు సాయపడుతుంది గాని, వివేకం స్థానాన్ని అది ఆక్రమించలేదు.

ఒక సంగతి స్పష్టం చేయాలి. ఇది అభ్యాసం మాత్రమే. నెలకొకసారి చూసిన లెక్కలు రోజువారీ హెచ్చుతగ్గులను పట్టుకోలేవు. సంవత్సరం మధ్యలో వచ్చిన కొత్త సొమ్ముకు గడువు ఎప్పటి నుండి మొదలవుతుందన్న విషయంలోనూ మద్‌హబ్‌ల మధ్య భేదముంది. బంగారం, వ్యాపార సరుకు, ఇతరుల నుండి రావలసినవి, చెల్లించవలసిన అప్పులు దీనిలో చేర్చలేదు. ఇంటి జకాత్ తేల్చుకునేటప్పుడు మీ మస్జిద్ ఇమామ్‌నో, విశ్వసనీయులైన ఆలిమ్‌నో సంప్రదించండి.

హద్దు దగ్గర పరీక్షించాలి

ప్రోగ్రాం ఒకసారి సరైన జవాబు ఇచ్చినంత మాత్రాన అది సరైనదని అనుకోరాదు. దానిని హద్దుల వద్ద నిలిపి చూడాలి. పదమూడు లెక్కలూ సరిగ్గా 61,236 అయితే ఏమంటుంది? జకాత్ విధి అనాలి. అన్నీ 61,235 అయితే? సంవత్సరమే మొదలు కారాదు. హనఫీ క్రమంలో ఏడవ లెక్క సున్న అయితే? పాత గడువు రద్దు కావాలి. మధ్యనంతా నిండుగా ఉండి చివరి లెక్క 40,000 అయితే? జకాత్ లేదనాలి. ఈ నాలుగు పరీక్షలనూ పిల్లలు ముందుగా కాగితంపై చేతితో లెక్కించి, జవాబు రాసుకుని, ఆ తర్వాతే కంప్యూటరును అడగాలి. తనకు జవాబు తెలియకుండా యంత్రాన్ని అడిగినవాడు దాని తప్పును పట్టుకోలేడు.

నెల ఏ నెల?

జాబితాలోని నెలలు చాంద్రమానంలో ఉండాలన్నాం. హిజ్రీ సంవత్సరానికి 354 లేదా 355 రోజులు. ఆంగ్ల సంవత్సరం కంటే ఇది సుమారు 11 రోజులు తక్కువ. ఇంచుమించు 32 ఆంగ్ల సంవత్సరాలలో 33 చాంద్రమాన సంవత్సరాలు గడుస్తాయి. ప్రతి జనవరిలో లెక్క చూసుకుంటూ 2.5 శాతమే తీసేవారు తమకు తెలియకుండానే అంతకాలంలో ఒక సంవత్సరపు జకాత్ వదిలివేస్తారు. ఆంగ్ల సంవత్సరం ప్రకారమే ఖాతాలు నడిపే కొన్ని ఇస్లామీయ ఆర్థిక సంస్థలు అందుకే సుమారు 2.577 శాతం తీస్తాయి. 2.5ను 354తో భాగించి 365తో గుణించి చూడండి, ఇంచుమించు ఈ సంఖ్యే వస్తుంది.

ఈ విద్యకు మూలపురుషుడు

వరుస క్రమంలో అడుగులు వేసి సమస్యను పరిష్కరించే విధానాన్ని ‘అల్గారిథం’ అంటారు. పిల్లలు రోజూ పలికే ఈ మాట ఒక ముస్లిం పండితుని పేరు నుండి పుట్టిందని వారికి చెప్పాలి. ఆయన ముహమ్మద్ ఇబ్ను మూసా అల్ ఖ్వారిజ్మీ. అరల్ సముద్రానికి దక్షిణాన ఉన్న ఖ్వారిజ్మ్ ప్రాంతానికి చెందినవారని ఆయన పేరే తెలుపుతుంది. అబ్బాసీ ఖలీఫా మామూన్ పాలించిన 813-833 కాలంలో ఆయన బగ్దాదులో పనిచేశారు. భారతదేశపు అంకెలతో లెక్కలు చేసే పద్ధతిపై ఆయన రాసిన గ్రంథం 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి వెళ్లింది. ఆ అనువాదంలో ఆయన పేరు ‘అల్గోరిత్మి’ అయింది. ఆ పేరే విద్యకు పేరైంది.

ఆయన ‘అల్ జబ్ర్’ గ్రంథంలో పెద్ద భాగం వారసత్వం, వీలునామాల లెక్కలకే కేటాయించారు. తల్లి వాటా ఎంత, కూతురి వాటా ఎంత, వీలునామా ఇచ్చిన పిదప మిగిలినదెంత అనే ప్రశ్నలకు జవాబు వెతికే క్రమంలోనే బీజగణితం ఒక శాస్త్రంగా రూపుదిద్దుకుంది. ఒకరి హక్కు మరొకరి చేతిలో ఉండిపోకూడదన్న తపన ఆ గణితం వెనుక ఉన్నది.

ఫోనులోని జవాబు

రమజాన్ వచ్చిందంటే ఫోనులో జకాత్ కాలిక్యులేటర్లు విరివిగా పంచుకుంటాం. అంకెలు నింపితే జవాబు వస్తుంది. కాని ఆ జవాబు వెనుక ఎవరో రాసిన షరతులున్నాయి. నిసాబ్‌ను వెండితో లెక్కించారా, బంగారంతోనా? గ్రాము బంగారం 10,000 రూపాయలు అనుకుంటే బంగారం నిసాబ్ 8,74,800 రూపాయలు. ఆ లెక్కన 88,000 రూపాయలున్న వ్యక్తికి జకాత్ లేదని వస్తుంది. నగదు విషయంలో పేదలకు మేలు చేకూర్చేది గనుక వెండి నిసాబ్‌నే మన దేశ ఉలమాలో అత్యధికులు చెబుతారు. ఆ లెక్కన అదే వ్యక్తి 2,200 రూపాయలు చెల్లించాలి. తులం ఎన్ని గ్రాములు? సంవత్సరం చాంద్రమానమా, సౌరమానమా? అప్పులు తీసివేశారా? లూప్, కండిషన్‌లతో ఈ చిన్న అభ్యాసం చేసిన అమ్మాయో అబ్బాయో ఇంట్లో ఉంటే ఈ ప్రశ్నలు తప్పక అడుగుతారు.

తల్లిదండ్రులకు ఒక సూచన. కంప్యూటరు లేకపోయినా ఈ పాఠం చెప్పవచ్చు. రాబోయే నెలవంక నాడు ఒక నోటుపుస్తకం తెరిచి మొదటి లెక్క రాయించండి. ప్రతి నెలవంకకు ఒక గీత, ఒక సంఖ్య. అప్పు లావాదేవీలను రాతపూర్వకంగా ఉంచమని అల్లాహ్ బఖరా సూరాలో ఆదేశించాడు. సొమ్మును రాసి పెట్టుకునే ఆ అలవాటు పిల్లలకు ఇక్కడి నుండే అబ్బుతుంది. పదమూడవ నెలవంక నాటికి వారి చేతిలో ఒక జాబితా, దానిని చదివే ఒక ప్రోగ్రాం, దాని జవాబును సరిచూడగల తెలివి మూడూ ఉంటాయి. ఆ రోజున వచ్చిన మొత్తాన్ని హక్కుదారుని ఇంటికి చేర్చే పని కూడా వారికే అప్పగించండి.

మన సంపదలో పేదలకున్న హక్కును గుర్తెరిగి, లెక్క తప్పకుండా వారికి అందజేసే భాగ్యాన్ని అల్లాహ్ మనకూ, మన సంతానానికీ ప్రసాదించుగాక. ఆమీన్.